బుడమేరు నీళ్ళలో మునిగిన పనిముట్లు: ఏది బతికింది, ఏది పారేశాను

మా ఇల్లు విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో, గ్రౌండ్ ఫ్లోర్. మెట్ల కింద మిగిలిన చోటునే చిన్న వర్క్‌షాపులా చేసుకున్నాను. ఒక బల్ల, దానికి బిగించిన వైస్ (పని చేసే వస్తువు కదలకుండా బిగించి పట్టే ఇనప దవడలు), గోడకి సుత్తులు, రంపాలు, ఉలులు, కింది అరల్లో డ్రిల్లు, గ్రైండరు, జిగ్‌సా. 2024 సెప్టెంబరు 1న బుడమేరు ఇళ్ళలోకి వచ్చినప్పుడు ఇవన్నీ మునిగాయి. మేం పై వాటాలోకి ఎక్కి, తర్వాత పడవలో ఫ్లైఓవరు దాకా వచ్చి బయటపడ్డాం. ఆ కథ మా పేటలో ఎవరినడిగినా చెబుతారు. నేను చెప్పబోయేది నీళ్ళు తీశాక జరిగిన పని గురించి: పనిముట్లని ఎలా దారికి తెచ్చుకున్నాను, వాటితో ఇంటిని ఎంతవరకు బాగుచేసుకున్నాను, ఎక్కడ ఆగి మెకానిక్‌ని పిలిచాను అన్నది.

బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేట్లో కలిసే వాగు. వరద వస్తే వెలగలేరు రెగ్యులేటరు దగ్గర నుంచి డైవర్షన్ కాలువలోకి మళ్ళించి కృష్ణలో కలుపుతారు. ఆ రోజుల్లో కృష్ణే ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతోంది, కాలువకి గండ్లు పడ్డాయి, నీళ్ళు వచ్చిన దారిన వెంటనే పోలేదు. పనిముట్ల సంగతికి ఇది ఎందుకంటే, వానకి తడిసిన డ్రిల్లు వేరు, రోజుల తరబడి మురుగులో నానిన డ్రిల్లు వేరు. మొదటిదాన్ని తుడిచి ఆరబెడితే సరిపోవచ్చు. రెండోదాని లోపల సన్నటి ఒండ్రు చేరి ఉంటుంది. బేరింగుల్లో, గేర్లలో, మోటారు తీగ చుట్ల మధ్యలో కూడా. దాన్ని అలాగే తిప్పితే ఆ మట్టే లోపల అరగదీస్తుంది.

ఇంటికి తిరిగొచ్చిన రోజు వీధంతా ఒకటే హడావిడి. ఫైరింజన్ల వాళ్ళు పైపులతో ఇళ్ళు కడుగుతున్నారు, జనం సామాను బయట ఎండలో పరుస్తున్నారు. కరెంటు ఇచ్చిన సాయంత్రం పక్కింటి పిన్నిగారు మిక్సీ పైపైన తుడిచి, “ఆరిపోయిందిలే బాబూ, చూద్దాం” అంటూ ప్లగ్గు పెట్టేశారు. ఒక్క మూలుగు, పొగ, అంతే. ఆ మిక్సీ అప్పటిదాకా బతికే ఉండొచ్చు. నీళ్ళలో మునిగిన మోటార్లలో చాలావాటి ప్రాణం తీసేది ఆ మొదటి స్విచ్చే. తడి ఉన్న చుట్ల మీదికి 230 వోల్టులు వదిలితే ఇన్సులేషన్ ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ కరెంటు దారి చేసుకుంటుంది, ఆ చోటు కాలిపోతుంది. పైకి పొడిగా కనిపించడానికీ లోపల ఆరడానికీ సంబంధం లేదు.

నాకు ఈ విషయంలో పెద్ద దిక్కు మా మామయ్యగారు. రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు గుంటూరులో మా బావమరిది దగ్గర ఉంటున్నారు. ఫోన్ చేస్తే ఆయన అన్న మొదటి మాట నన్ను కాస్త తికమక పెట్టింది.

“అల్లుడుగారూ, ఏదీ ఎండబెట్టకండి. ముందు మంచినీళ్ళలో ముంచండి. బురద ఎండిందంటే సిమెంటే.”

తడిసిందాన్ని మళ్ళీ తడపమంటారేమిటి అనుకున్నాను గానీ, పని మొదలెట్టాక అర్థమైంది. తడిగా ఉన్న ఒండ్రు నీళ్ళు పోస్తే జారిపోతుంది. ఎండితే గీకాలి, గీకితే చుట్ల మీది వార్నిష్ లేస్తుంది. అందుకని ఇనప సామాను ఒక టబ్బులో, కరెంటువి విప్పి ఇంకో టబ్బులో వేశాం. ట్యాంకరు నీళ్ళు దొరికినంత మేర నీళ్ళు మారుస్తూ కడిగాం. చేతికి రబ్బరు గ్లౌజులు, కాళ్ళకి గమ్ బూట్లు. ఆ నీళ్ళలో ఏముందో మనకి తెలియదు, బురదలో మేకులూ గాజు పెంకులూ కనపడవు. టీటీ ఇంజక్షన్ వేయించుకున్నాకే ఈ పనిలోకి దిగడం మంచిది.

ఇక్కడ ఒక హెచ్చరిక. వరద తర్వాత ఇళ్ళు కడగడానికి బ్లీచింగ్ పౌడర్ వాడతాం. గచ్చుకి, గోడలకి సరే. పనిముట్లని మాత్రం ఆ నీళ్ళతో కడగకూడదు. అందులోని క్లోరిన్ ఇనుముని తినేస్తుంది, పూటలో తుప్పు లేస్తుంది. అంతకంటే ముఖ్యం, తుప్పు వదలగొట్టడానికి వెనిగరో నిమ్మ ఉప్పో వాడే చోటికి బ్లీచింగ్ పౌడర్ రానివ్వకూడదు. ఆమ్లం, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మూసి ఉన్న బాత్‌రూంలో అది ప్రాణాపాయమే. మా ఇంట్లో అయితే ఇల్లు కడగడం పూర్తయ్యేదాకా ఆమ్లం డబ్బా మూతే తీయలేదు.

కడుగుతూనే కొన్నింటిని చెత్తబుట్ట పక్కకి పెట్టేశాను, వాటి విషయంలో ఆలోచనకి తావులేదు. గ్రైండరు కటింగ్ డిస్కులు మొదటివి. అవి రాయిపొడిని రెసిన్‌తో అతికించి చేసినవి, నానితే ఆ అతుకు బలం పోతుంది. నాలుగంగుళాల గ్రైండరు నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో డిస్కు పగిలితే ముక్కలు ఎటు ఎగురుతాయో చెప్పలేం. పొడి డిస్కుకైనా గడువు తేదీ ఉంటుంది, మధ్యలో ఉన్న లోహపు రింగు మీద అచ్చువేసి ఉంటుంది, ఒకసారి మీ దగ్గరున్నవి తిప్పి చూడండి. రెండోది కార్డ్‌లెస్ స్క్రూడ్రైవరు బ్యాటరీ. లిథియం బ్యాటరీ నీళ్ళలో మునిగితే ఆరాక కూడా ఛార్జింగ్ పెట్టకూడదు. లోపల సెల్స్ షార్ట్ అయితే ఎప్పుడైనా అంటుకోవచ్చు. దాన్ని ఇంట్లో కూడా ఉంచకుండా బయట ఇటుకల మధ్య పెట్టి, తర్వాత ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇచ్చాను. ఎక్స్‌టెన్షన్ బాక్సు, టేపులు, ఎమరీ పేపర్లు, ప్లైవుడ్ టూల్ బాక్సు కూడా పోయాయి. టేపు కొలతలో లోపలి స్ప్రింగుకి తుప్పు పడితే అది మళ్ళీ సరిగా చుట్టుకోదు. కొత్తది కొనుక్కోవడమే చవక.

ఇనప సామాను విషయంలో తుప్పుకి నేను వాడింది నిమ్మ ఉప్పు. కిరాణా కొట్లో దొరుకుతుంది, చవక. లీటరు నీళ్ళకి 50 నుంచి 100 గ్రాముల మధ్య వేసి, పనిముట్టు పూర్తిగా మునిగేలా ప్లాస్టిక్ బకెట్లో పెట్టాలి. గంటకోసారి తీసి బ్రష్‌తో రుద్ది చూడాలి. రాత్రంతా వదిలేస్తే తుప్పుతో ఆగదు, మంచి ఇనుము మీద కూడా పని మొదలెడుతుంది. జింకు పూత ఉన్నవాటినీ అల్యూమినియాన్నీ అందులో వేయకూడదు. తుప్పు పోయాక వంట సోడా కలిపిన నీళ్ళలో ఒకసారి ముంచి, మరిగే నీళ్ళు పోసి, వెంటనే గుడ్డతో తుడవాలి. వేడి నీళ్ళు ఎందుకంటే లోహం వేడెక్కి మిగిలిన తడి దానంతటదే ఆవిరవుతుంది. ఆ తర్వాత ఆలస్యం చేయకుండా నూనె పట్టించాలి. ఆమ్లంలోంచి తీసిన ఇనుము శుభ్రంగా, బూడిద రంగులో ఉంటుంది కదా అని పక్కన పెట్టి టీ తాగొచ్చేసరికి దాని మీద పసుప్పచ్చని పొర పరుచుకుని ఉంటుంది. మన బెజవాడ గాలిలో ఉక్క అలాంటిది.

నూనె అంటే కుట్టుమిషన్ నూనె. వంట నూనె రాస్తే కొన్నాళ్ళకి జిగురుగా మారి దుమ్ము పట్టుకుంటుంది. డబ్ల్యూడీ-40 స్ప్రే నీటిని తోసెయ్యడానికి చాలా బాగుంటుంది, బిగుసుకున్న నట్లకీ పనికొస్తుంది. కానీ అది పల్చటిది, త్వరగా ఆరిపోతుంది. నెలల పాటు తుప్పు రాకుండా కాపాడేది అది కాదు. దాని మీద మళ్ళీ మామూలు నూనె రాయాల్సిందే.

ఆకురాళ్ళ విషయంలో ఒక లాభం కూడా కలిసొచ్చింది. పళ్ళ మధ్య ఇరుక్కున్న తుప్పునీ పాత పొడినీ నిమ్మ ఉప్పు వదలగొట్టాక, ఇత్తడి తీగ బ్రష్‌తో పళ్ళ వాలు వెంటే రుద్దాను. మొద్దుబారిందనుకున్న ఒకటి రెండు ఆకురాళ్ళు మళ్ళీ పట్టు దొరికినట్టు గీశాయి. ఆమ్లం పళ్ళని చాలా కొద్దిగా కొరుకుతుంది, అందువల్ల. అరిగిపోయినదాన్ని కొత్తది చేయదు గానీ, కొంతకాలం నడుస్తుంది. ఉలుల్లో అయితే పదునుకి ముఖ్యం ముందువైపు ఏటవాలు ఒక్కటే కాదు, వెనకవైపు చదును కూడా. అక్కడ తుప్పు గుంటలు చేస్తే అంచు ఎంత పట్టినా రంపం పళ్ళలా చెక్కను చింపుతుంది. ఆ గుంటలు పోయేదాకా సానరాయి మీద వెనకవైపు రుద్దాలి, ఓపిక పని.

వైస్ పెద్దది, బకెట్లో పట్టదు. దానికి మామయ్యగారు పాత పద్ధతి చెప్పారు. పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్ళు పోసి, లీటరుకి ఒక చెంచా లెక్కన బట్టల సోడా కలపాలి. 12 వోల్టుల బ్యాటరీ ఛార్జరు మైనస్ వైరు వైస్‌కి, ప్లస్ వైరు ఒక పాత ఇనప కడ్డీకి తగిలించి, రెండూ ఒకదానికొకటి తగలకుండా నీళ్ళలో వేలాడదీయాలి. స్విచ్చి వేయగానే వైస్ ఒళ్ళంతా సన్నటి బుడగలు లేచాయి. సాయంత్రానికి నీళ్ళ మీద గోధుమరంగు నురగ తేలింది, వైస్ మీది ఎర్ర తుప్పు నల్లటి మెత్తటి పొడిగా మారి స్క్రబ్బరుతో రాలిపోయింది. ప్లస్, మైనస్ తారుమారు చేస్తే కరిగేది వైసే, కాబట్టి రెండుసార్లు చూసుకోవాలి. ఆ బుడగల్లో ఉండేది హైడ్రోజన్, ఇది ఆరుబయటే చేయాలి, దగ్గర్లో బీడీ కూడా వెలిగించకూడదు. కడ్డీ మామూలు ఇనుముదే ఉండాలి. స్టీలు గరిటెలు, స్పూన్లు వాడితే అందులోని క్రోమియం విషపు రూపంలో నీళ్ళలోకి దిగుతుంది.

సుత్తి పిడుల సంగతి నెమ్మదిగా బయటపడింది. నానినప్పుడు పిడి ఉబ్బి సుత్తి తల బిగుతుగా కూర్చుంటుంది, బాగానే ఉందనిపిస్తుంది. నెల గడిచి చెక్క ఆరాక తల కదలడం మొదలవుతుంది. ఆ సుత్తి విసిరితే తల ఎగిరి ఎవరి నెత్తిన పడుతుందో. పైనుంచి కొత్త ఇనప చీల దిగ్గొట్టి, పిడికి అవిసె నూనె పట్టించాను. అవిసె నూనె గుడ్డల్ని ముద్ద చేసి మూల పడేయకండి. ఆరేటప్పుడు అది వేడిని పుట్టిస్తుంది, ముద్దలో ఆ వేడి బయటికి పోక దానంతటదే అంటుకుంటుంది. దండెం మీద విడిగా పరిచి ఆరాకే చెత్తలో వేయాలి.

ఇక డ్రిల్లు. నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే అనాలి. మూత మరలు విప్పి, లోపల ఏ వైరు ఏ గాడిలోంచి పోయిందో ఫోన్లో ఫోటో తీసుకోవడం మొదటి పని. మళ్ళీ బిగించేటప్పుడు వైరు ఒక్క గాడి తప్పినా మూత మధ్య నలిగిపోతుంది. కార్బన్ బ్రష్‌లు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే బొగ్గు ముక్కలు) బయటికి తీసి, ఆర్మేచరు, అంటే ఆ తిరిగే భాగం, దాని చుట్టూ కదలకుండా ఉండే ఫీల్డ్ కాయిల్ వేరుచేసి, మంచినీళ్ళతో మెల్లగా కడిగి, చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోశాను. అది నీళ్ళని వెంట తీసుకుని ఆరిపోతుంది. చుట్టూ మంట లేకుండా చూసుకోవాలి. ఆర్మేచరు మీద రాగి పలకల వరుస, అంటే కమ్యుటేటరు, నల్లబడి ఉంది. దాన్ని శుభ్రం చేయడానికి నలుపు రంగు ఎమరీ వాడకూడదు, ఆ పొడి కరెంటుని పారనిస్తుంది, పలకల మధ్య సందుల్లో చేరితే షార్టే. సన్నటి సాండ్ పేపరు చాలు. తర్వాత ఆ సందుల్ని పళ్ళపుల్లతో ఒక్కొక్కటీ గీరాను.

డ్రిల్లు చక్, అంటే బిట్టుని పట్టుకునే ముందు భాగం, లోపల కూడా ఒండ్రు నిండింది. మూడు దవడలూ బాగా తెరిచి టార్చి వేసి చూస్తే అడుగున ఒక స్క్రూ కనపడుతుంది. రివర్స్ తిరిగే డ్రిల్లుల్లో అది ఎడమ మర. అందరిలా ఎడమవైపు తిప్పితే ఇంకా బిగుస్తుంది, గడియారం ముళ్ళు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. అది తీశాకే చక్‌ని మామూలు మరలా విప్పాలి. చక్‌ని డీజిల్లో నానబెట్టి, దవడలు తెరుస్తూ మూస్తూ కడిగితే చాలాసేపటి దాకా బూడిద రంగు నీళ్ళే వచ్చాయి.

ఆరబెట్టడానికి ఒక అట్టపెట్టెలో ఎత్తుగా జాలీ పెట్టి, దాని కింద 60 వాట్ల పాత రకం బల్బు, అట్టకి తగలకుండా. పెట్టె మూత కాస్త తెరిచి ఉంచాలి, తడి గాలి పోవాలి. ఎల్‌ఈడీ బల్బుకి ఆ వేడి రాదు. హాట్ ఎయిర్ గన్ పెడితే ఒకచోట మాడుతుంది, ఇంకోచోట తడి అలాగే ఉంటుంది. బియ్యం డబ్బాలో పెట్టమని ఎవరో సలహా ఇచ్చారు. మోటారు చుట్ల లోపలి తడిని బియ్యం ఏం లాగుతుంది, బియ్యం దండగ.

ఆరిందా లేదా అని తేల్చేది మన కన్ను కాదు, మెగ్గర్. మామూలు మల్టీమీటరు తొమ్మిది వోల్టుల బ్యాటరీతో కొలుస్తుంది, దానికి అంతా బాగానే కనపడుతుంది. మెగ్గర్ 500 వోల్టులు పెట్టి ఇన్సులేషన్ ఎంత అడ్డుకుంటోందో చూపిస్తుంది. నాకు తెలిసిన వైండింగ్ షాపులో ఒక పూటకి అడిగి తెచ్చుకున్నాను. ప్లగ్గు రెండు పిన్నులూ కలిపి ఒక తీగ, చక్‌కి ఇంకో తీగ, డ్రిల్లు ట్రిగ్గరు నొక్కి ఉంచి కొలవాలి. నొక్కకపోతే స్విచ్చి దాకానే కొలిచినట్టు. మొదటిసారి 0.3 మెగా ఓములు చూపించింది, అంటే తడి. 1 మెగా ఓముకి తక్కువ ఉన్నదేదీ ప్లగ్గులో పెట్టకూడదు, చేత్తో పట్టుకునేవాటికి ఇంకా బాగా ఎక్కువ ఉండాలి. మళ్ళీ పెట్టెలో పెట్టి, తీసి, కొలిచి, చివరికి ముల్లు 20 దాటాక బిగించాను. కొత్త బ్రష్‌లు వేసి తిప్పితే మొదట కాస్త నిప్పురవ్వలు వచ్చాయి, బ్రష్‌లు పలకల వంపుకి అరిగి కూర్చునేదాకా అది మామూలే. రవ్వలు తగ్గకుండా పలకల చుట్టూ మంటలా తిరుగుతుంటే మాత్రం ఆపేయాలి.

గ్రైండరు మోటారు కూడా ఇదే దారిలో బాగుపడింది. దాని గేర్ల పెట్టె తెరిస్తే గ్రీజు మజ్జిగలా తెల్లగా ఉంది, నీళ్ళు కలిసిపోయాయి. మొత్తం తీసి, డీజిల్‌తో కడిగి, కొత్త గ్రీజు పెట్టాను, పెట్టె నిండా కుక్కకుండా. నిండిస్తే వేడెక్కి మోటారు వైపు కారుతుంది. బేరింగు వేళ్ళ మధ్య తిప్పితే లోపల ఇసుక ఉన్నట్టు గరగర. దాని నంబరు అంచు మీదే చెక్కి ఉంటుంది, పాతది చేత్తో పట్టుకుని ఆటోనగర్ వెళ్తే క్షణంలో ఇస్తారు. నంబరు పక్కన జెడ్‌జెడ్ అని ఉంటే రెండు వైపులా రేకు మూత, టూ ఆర్‌ఎస్ అని ఉంటే రబ్బరు సీలు. దుమ్మూ తడీ ఉండే చోట రబ్బరుదే అడగండి. వేసేటప్పుడు లోపలి రింగు మీదే ఒత్తిడి పడాలి, బయటి రింగు మీద సుత్తితో కొడితే కొత్తది కూడా అక్కడికక్కడే పాడవుతుంది. జిగ్‌సా మాత్రం దక్కలేదు. ఎంత ఆరబెట్టినా మెగ్గర్ ముల్లు లేవలేదు, వైండింగ్ ఖర్చు కొత్తదాని ధరకి దగ్గరగా చెప్పారు. విడి భాగాలకి పనికొస్తుందని షాపు కుర్రాడికే ఇచ్చేశాను.

నీళ్ళ మోటారు విషయంలో నేను చేసింది తక్కువ. అర హెచ్‌పీ మోనోబ్లాకు, అంటే మోటారూ పంపూ ఒకే దిమ్మగా ఉండేది. షాఫ్టు బిగుసుకుపోయింది, విప్పి కడిగి వన్‌టౌన్‌లో వైండింగ్ షాపుకి పట్టుకెళ్ళాను. అప్పుడు ఊళ్ళో ఏ షాపు చూసినా గుమ్మం దాకా మోటార్లే. అక్కడ తెలుసుకున్నది ఒకటి చెప్పాలి. కాయిల్ కాలకుండా తడిసింది మాత్రమే అయితే రీవైండింగ్ అక్కర్లేదు. కడిగి, ఓవెన్లో వేడిచేసి, వార్నిష్ పోసి, మళ్ళీ వేడిచేస్తే సరిపోతుంది. ఖర్చులో చాలా తేడా. నిజంగా వైండింగ్ మార్చాల్సి వస్తే రాగి తీగా, అల్యూమినియమా, ఎంత బరువు అని ముందే మాట్లాడుకోవాలి. బేరింగులు, కెపాసిటరు, మెకానికల్ సీలు కొత్తవి వేయించాను. కెపాసిటరు మీద ఎన్ని మైక్రోఫారడ్లని రాసి ఉందో సరిగ్గా అదే వేయాలి.

ఇంటి వైరింగులో మీటరు నుంచి మెయిన్ దాకా ఉన్నదాని జోలికి నేను పోలేదు, అది కరెంటు వాళ్ళ పని. మెయిన్ ఆపి, టెస్టరుతో మళ్ళీ చూసుకుని, మునిగిన బోర్డులన్నీ విప్పాను. స్విచ్చిలు, సాకెట్లు కడిగి మళ్ళీ వాడొచ్చని కొందరు అంటారు. లోపలి రాగి స్పర్శల మీద పచ్చటి చిలుము పట్టాక అది వేడెక్కుతుంది, నేను అన్నీ మార్చేశాను. గోడలోపలి పైపుల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి. వైర్లు లాగేస్తే కొన్ని పైపుల్లోంచి చెంబుడు చెంబుడు కారాయి. లైట్లకి 1.5, పెద్ద సాకెట్లకి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, పచ్చ ఎర్త్. ఆ లాగుడు పని మా ఎలక్ట్రీషియన్ చేశాడు, నేను పక్కన అందించాను. అతని దగ్గర సీరీస్ బోర్డు ఉంది, 100 వాట్ల బల్బు వరుసలో కలిపినది. ఇంట్లో అన్నీ ఆపి, ఒక్కో లైనునీ దాని ద్వారా కలిపితే, ఎక్కడైనా షార్టు ఉంటే ఫ్యూజు ఎగరకుండా బల్బు వెలుగుతుంది. వంటింటి లైను కలపగానే వెలిగింది. ఫ్రిజ్ వెనకాల పాత సాకెట్ ఒకటి బురదతో సహా గోడలోనే ఉండిపోయింది, మేమిద్దరం దాన్ని చూడనేలేదు. కొత్తగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించాను. మనిషి ఒంట్లోంచి నేలకి కరెంటు పారితే, లోడు ఎక్కువైనా షార్టయినా పడిపోయే మామూలు ఎంసీబీ స్విచ్చికి తెలియదు, దీనికి తెలుస్తుంది. తడి ఇంట్లో కరెంటు పనిముట్లతో పనిచేసేవాళ్ళకి ఇదొక్కటీ ఉండి తీరాలి.

తలుపుల దగ్గర ఓపిక పరీక్షకొచ్చింది. గదుల ఫ్లష్ డోర్లు పొరలు విడిపోయి విస్తరాకుల్లా లేచాయి, వాటిని మార్చడమే. వీధి తలుపు టేకుది, ఉబ్బి గడపకీ పక్క చట్రానికీ రాసుకుంటోంది. వచ్చిన వడ్రంగి చూసి, “చిత్రిక పట్టేస్తే అయిపోతుంది సార్, అరగంట పని” అన్నాడు. మామయ్యగారు అప్పటికి మా ఇంటికి వచ్చి ఉన్నారు. “ఇప్పుడు చిత్రిక పడితే సంక్రాంతికి సందులోంచి వీధి కనపడుద్ది. ఉండనివ్వండి” అన్నారు. ఆయనదే కరెక్టు. చెక్క తడికి అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా దాదాపు మారదు. ఆరితే అంతే అడ్డంగా తగ్గుతుంది. ఉబ్బినప్పుడు తీసేసిన చెక్క మళ్ళీ రాదు. ఆ కొన్నాళ్ళూ తలుపుని భుజంతో తోసి వేసుకున్నాం, రాసుకునే చోట కొవ్వొత్తి రుద్దాం.

జనవరిలో తలుపు అంచుకి సుద్ద రాసి మూసి తెరిస్తే, చట్రం మీద సుద్ద అంటింది తాళం కింద జానెడు మేర మాత్రమే. మడతబందుల పిన్నులు తీసి తలుపుని బల్ల మీద పడుకోబెట్టి, అక్కడ మాత్రం చిత్రిక పట్టాను. కింది అంచుకి పట్టాల్సి వస్తే మాత్రం కొనల దగ్గర చిత్రిక బయటి నుంచి లోపలికి నడపాలి. లోపలి నుంచి బయటికి తోస్తే చివరి పీచు విరిగి పెచ్చు లేస్తుంది. ఆ తిరగేసినప్పుడే కనిపించింది, తలుపు కింది అంచుకి కట్టినప్పటి నుంచీ రంగే లేదు. కంటికి ఆనదు కాబట్టి చాలా ఇళ్ళలో అక్కడ రంగు వేయరు, నీళ్ళు పీల్చేది మాత్రం అక్కడి నుంచే. ప్రైమరు రెండు పూతలు, పైన రంగు వేసి బిగించాను. మీ ఇంట్లో బాత్‌రూం తలుపు ఏటా వానాకాలంలో బిగుసుకుంటుంటే ముందు కింద చిన్న అద్దం పెట్టి ఆ అంచు చూడండి.

ఇప్పుడు మెట్ల కింద బల్లా వైసూ తప్ప ఏవీ లేవు. కరెంటుతో నడిచేవన్నీ అటక మీద, ఇనపవి గోడకి భుజాల ఎత్తులో. సాకెట్లు కూడా నాలుగున్నర అడుగుల పైకి ఎక్కించాం. గ్రౌండ్ ఫ్లోరు ఇళ్ళకి ప్రభుత్వం ఇచ్చిన 25 వేలల్లో పెద్ద భాగం వైరింగుకే పోయింది. డిస్కులు ఇక ఒకేసారి డజను కొనను, పనికి తగ్గట్టు రెండో మూడో. మెగ్గర్ మాత్రం సొంతంగా కొనుక్కోలేదు. అది ఏడాదికి ఒకటి రెండుసార్లు కావాల్సిన వస్తువు, ధర తక్కువేం కాదు, వైండింగ్ షాపు వాళ్ళు అడిగితే ఇస్తున్నారు. వాళ్ళకి బదులుగా మన దగ్గరున్న బేరింగు పుల్లరు, అంటే బేరింగులు ఊడలాగే పనిముట్టు, అప్పుడప్పుడూ వెళ్ళి వస్తూ ఉంటుంది.